క్లచ్ మీద కాలు

మా ఇంట్లో కారు మొరాయిస్తే ముందు నన్ను విచారించేవాళ్ళు, ఆ తర్వాతే కారును. గనులు ఊపు మీదున్న ఆ రోజుల్లో బళ్ళారిలో ప్రతి వస్తువు మీదా ఎర్రదుమ్ము ఉండేది, ప్రతి తప్పూ దాని నెత్తినే పడేది. తెల్లబట్టలు రంగు మారినా దుమ్మే, దగ్గొచ్చినా దుమ్మే, ఫ్యాను కిర్రుమన్నా దుమ్మే. కారు దగ్గరకొచ్చేసరికి మాత్రం దుమ్ముకంటే మంచి కారణం ఇంకొకటి దొరికింది. నేను డ్రైవింగు నేర్చుకున్నాను.

నేర్చుకున్నది సరదాకి కాదు. నేను దేశనూరు బడిలో లెక్కల టీచరును. మా కాపురం సత్యనారాయణపేటలో. సిరుగుప్ప బస్సు ఊరు దాటాలంటే ఖనిజం లారీల మధ్యలోంచి దూరి రావాలి, అది ఏ గంటకు వస్తుందో డ్రైవరుకే తెలియదు. నాకు మొదటి పీరియడు పదో తరగతి. ఇంకా ఆలస్యమైతే ఆ క్లాసు వేరేవాళ్ళకు ఇచ్చేస్తానని హెడ్‌మాస్టరు చెప్పేశాడు. ఆ పిల్లలకు ఎనిమిదో తరగతి నుంచీ నేనే చెప్పుకుంటూ వచ్చాను. పరీక్షల ముందు వాళ్ళను ఇంకొకరి చేతిలో పెట్టడం నావల్ల కాదు.

అందుకని బడి రోజుల్లో కారు నాది. సాయంత్రాలూ సెలవులూ మా ఆయనవి. ఆయన నాకు స్వయానా మేనమామ కొడుకు. సేద్యం చేసే ఇంట్లో పుట్టి, ఖనిజం తోలడానికి లారీ కొని, చాలా ఏళ్ళు దాన్ని తానే తోలి, తర్వాత ఇంకొన్ని లారీలకు యజమాని అయ్యాడు. కారు తీసుకుంటే సండూరు వైపు, గనుల దగ్గరికీ లారీలు తూచే కాటా దగ్గరికీ పోయి వచ్చేవాడు.

ఒక పొద్దున కాలువ వంతెన ఎక్కుతూ ఆక్సిలరేటరు తొక్కాను. ఇంజను గట్టిగా అరిచింది, కారు మాత్రం నింపాదిగానే పోయింది. ఇంకా తొక్కితే ఇంకా అరిచింది. గడ్డి వేసుకున్న ట్రాక్టరు ఒకటి నన్ను దాటిపోయింది, గడ్డి మీద కూర్చున్న ఆడవాళ్ళు నన్ను చూసి కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. కారు నిండా అట్టముక్క కాలిన వాసన.

ఇంటికొచ్చి చెప్పాను. "బావా, ఇంజను అరుస్తాది గానీ కారు పోదు. వాసన కూడా వస్తాండాది."

"పెట్రోలు యాడ పోయించినావు?" అన్నాడు.

మా అత్త లోపల్నుంచే తేల్చేసింది. "దిష్టి మే. ఆడమనిషి కారు తోల్తాంటే దారి పొడుగునా చూస్తాండారు గదా."

చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. పెట్రోలు మార్చారు. ఎయిర్ ఫిల్టరు దులిపి, రాలిన ఎర్రదుమ్మును కాగితంలో పోసి తెచ్చి నాకు చూపించారు. ప్లగ్గులు మార్చారు. ఇంత జరిగినా కారు అరుపు అరుపే, నడక నడకే. ఇంజను బాగానే తిరుగుతోంది, చక్రాలకు ఆ బలం అందడం లేదు. అంటే నడుమ ఎక్కడో జారిపోతోంది. ఆ నడుమ ఉండేది క్లచ్చే గదా అని నేను అంటుంటే వినేవాళ్ళు లేరు. ఇంటెడు లారీలున్న మనుషులకు టీచరమ్మ క్లచ్ గురించి చెప్పడమా.

నాకు డ్రైవింగు నేర్పినాయన ఒక పరీక్ష చెప్పాడు. ఆదివారం మా ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని వాకిట్లోనే చేసి చూపించాను. హ్యాండ్‌బ్రేకు గట్టిగా లాగి, బ్రేకు మీద కాలు పెట్టి, మూడో గేరు వేసి, క్లచ్ మెల్లగా వదిలాను. క్లచ్ బాగుంటే ఇంజను ఒక్క కుదుపు కుదిపి ఆగిపోవాలి. మా కారు హాయిగా గుర్రుమంటూనే ఉంది.

"చూడు బావా, ఇంజను చావలేదు."

"చావకపోతే మంచిదే గదా," అన్నాడాయన.

తల బాదుకోవాలనిపించింది. చివరికి నా పోరు పడలేక బ్రూస్‌పేటలోని మెకానిక్ దగ్గరికి తీసుకుపోయాడు. ఆ మెకానిక్ బానెట్ మీద చెయ్యి కూడా వేయకముందే ఒక్క ప్రశ్న అడిగాడు. "అక్క తోల్తాదా అన్నా?"

మా ఆయన తలూపాడు. అక్కడితో విచారణ ముగిసింది. విప్పి చూస్తే క్లచ్ ప్లేటు రివెట్ల దాకా అరిగిపోయి, నల్లగా మాడి ఉంది. "ఆడోళ్ళు క్లచ్ మీద కాలు తీయరన్నా," అన్నాడు మెకానిక్. సందుల్లోంచి ఊరు దాటితే సిరుగుప్ప దారిలో ఆపే పనే ఉండదని, గేరు మార్చేటప్పుడు తప్ప నేను క్లచ్ ముట్టనని చెప్పాను. "ఇట్లాంటివి ఎన్ని చూసినామక్కా," అని నవ్వాడు. మా ఆయన కూడా నవ్వాడు. ఆ నవ్వుకు నాకు ఒళ్ళు మండిపోయింది.

కొత్త ప్లేటు పడింది, కారు తాళం మా ఆయన జేబులో పడింది. నాకు మళ్ళీ బస్సే. లారీల వెనక బస్సు, బస్సులో నిలబడి నేను. నాలుగైదు పొద్దులు ఆలస్యం కాగానే హెడ్‌మాస్టరు అన్నంత పనీ చేశాడు, పదో తరగతి లెక్కలను సైన్సు టీచరుకు అప్పగించాడు. ఆ క్లాసు వరండాలోంచి పోతుంటే లోపల పిల్లలు నావైపు చూసేవాళ్ళు. ఆ చూపులు తప్పించుకోవడానికి చుట్టుతిరిగి పోయేదాన్ని. ఏడుపొచ్చేది, అంతకంటే ఎక్కువ కోపమొచ్చేది.

దసరా సెలవులు అయిపోకముందే కారు మళ్ళీ అరవడం మొదలుపెట్టింది. ఈ మధ్యలో దాని తలుపు కూడా నేను ముట్టలేదు. దాని అరుపు వినగానే సంతోషంతో నాకు నవ్వాగలేదు. మా ఆయన మాత్రం చలించలేదు. "డూప్లికేటు ప్లేటు ఏసినాడు వాడు," అన్నాడు. మెకానిక్‌కు ఫోను చేస్తే వాడు దుమ్మన్నాడు. నా పేరు ఎవరూ ఎత్తలేదు. అట్లాగని నా తప్పు కాదని కూడా ఎవరూ అనలేదు.

ఆ వారమే సండూరు దగ్గర బంధువుల గృహప్రవేశం వచ్చింది. కారు ఇంకా పూర్తిగా పడుకోలేదు కాబట్టి ఇద్దరం దాన్లోనే బయలుదేరాం. చెక్‌పోస్టు ముందర ఏటవాలులో లారీల వరస, దాని తోకలో మేము. ముందు లారీ మూర కదిలితే మా కారు మూర కదిలేది. కదలనప్పుడు కూడా ఆయన బ్రేకు వేయలేదు, గేరు తీయలేదు. క్లచ్‌ను సగం తొక్కిపట్టి, కారును ఏటవాలు మీద అట్లాగే వేలాడేసి, ముందు లారీ వెనక బోర్డుకు ముక్కు ఆనించినట్టుగా నిలబెట్టాడు. నేను ఆయన ఎడమకాలునే చూస్తున్నాను. అది ఒక్కసారి కూడా పెడలు మీంచి దిగలేదు.

"బావా, న్యూట్రల్ చేసి కాలు తీయి."

"తీస్తే ఎట్ల? గ్యాప్ వస్తాది. గ్యాప్ వస్తే ఎవడో దూరతాడు."

"దూరితే ఏంది? మనం పోయేది గృహప్రవేశానికి, కాటాకు కాదు."

"నీకు తెల్దు మే," అన్నాడు, చూపు ముందు లారీ మీదనుంచి తీయకుండా. "వరసలో తావు పోతే ఆ పొద్దు ట్రిప్పు పాయె. కొత్తల్లో ఒకతూరి నిద్ర తూగి కాలు జారింది, నా ముందర ఎన్ని లారీలు దూరినాయో. ఆ పొద్దు నుంచి తీయలే. ఈ కాలు తీసుంటే మనకు బళ్ళారిలో ఆ ఇల్లుండేది కాదు."

ఆయన నా క్లాసు పోగొట్టాడన్న కోపం తగ్గలేదు. కానీ ఆ కాలును తిట్టడానికి నోరు రాలేదు. "తిరిగొచ్చేటప్పుడు నేను తోల్తా," అని మాత్రం అన్నాను. ఆయన కాదనలేదు.

తిరుగుదారిలో అదే చెక్‌పోస్టు, మళ్ళీ వరస. న్యూట్రల్ చేసి, హ్యాండ్‌బ్రేకు లాగి, కాళ్ళు రెండూ తీసి కూర్చున్నాను. ముందర బారెడు ఖాళీ పడగానే పక్కనుంచి జీపొకటి దూరింది. "పాయె, దూరినాడు," అంటూ మా ఆయన మూలిగాడు. చూస్తే ఆయన ఎడమకాలు ముందున్న వట్టి మ్యాటును గట్టిగా తొక్కిపట్టి ఉంది.

"ఆడ క్లచ్ లేదు బావా," అన్నాను.

ఆయన తన కాలువైపు చూసుకున్నాడు. అయినా తీయలేదు.

మర్నాడు బ్రూస్‌పేటకు నన్నూ రమ్మన్నాడు. కారు చూడగానే మెకానిక్ తన పాత ప్రశ్నే అడిగాడు. "మళ్ళీ అక్కకిచ్చినావా అన్నా?"

"లేదప్పా," అన్నాడు మా ఆయన. "రెండుతూర్లూ కాల్చింది నేనే."

మెకానిక్ నవ్వబోయి ఆగిపోయాడు. ప్లేటు మారినాక మా ఆయన తాళం తెచ్చి నా బడి సంచిలో వేశాడు. వరసగా వేళకు వస్తున్నానని చూసి హెడ్‌మాస్టరు క్లాసు తిరిగి ఇచ్చాడు. మళ్ళీ లోపలికి అడుగు పెట్టిన రోజు, పిల్లలు లేచి నిలబడితే, కూర్చోమనడం కూడా మరిచిపోయి బోర్డు మీద లెక్క రాయడం మొదలుపెట్టాను.

ఆ క్లచ్ చాలా ఏళ్ళు వచ్చింది. సండూరు దారిలో పోవాల్సి వస్తే ఇద్దరం కలిసే పోయేవాళ్ళం, నేనే తోలేదాన్ని. కారు అమ్మేసే రోజున కొనడానికి వచ్చినాయన అన్నీ చూసి, పెడళ్ళ రబ్బర్లు ఇంకా కొత్తగానే ఉన్నాయే అని మెచ్చుకున్నాడు. తర్వాత ఇవతలి తలుపు తీసి, పక్కసీటు ముందర మ్యాటు ఎడమవైపు అంత చిల్లు ఎందుకు పడిందని అడిగాడు. మా ఆయన నావైపు చూసి, "దుమ్మప్పా," అన్నాడు.