సన్యాసుల చేతిరాత

మాచికాయ నానిన నీళ్ళలో అన్నభేది కలిపితే నల్లటి సిరా దిగుతుంది. దానికి తుప్పు వాసన, కాస్త పులుపు. ఈ ఉదయం అమెరికాలో, షామ్‌బర్గ్‌లోని మా వంటింటి సింకు దగ్గర సీసా మూత తీశాను. అప్పటినుంచీ నాకు కాలు నిలవడం లేదు. కిటికీ తీశాను, మూశాను. టీ పెట్టుకుని తాగడం మరిచాను. నోరా ఉంటే కసిరి కూర్చోబెట్టేది.

నోరా ఐర్లాండ్ నుంచి వచ్చిన ముసలామె. మా లైబ్రరీలో శనివారాలు పాత చేతిరాత నేర్పేది. వెయ్యేళ్ళకు ముందు వాళ్ళ దేశపు మఠాల్లో సన్యాసులు దూడతోలు మీద రాసిన గుండ్రటి అక్షరాలవి; గీతల తలలు మేకుల్లా లావుగా ఉంటాయి. మనవరాలిని ఆ క్లాసులో దింపడానికి వెళ్ళి, ఆమె సీసాలో మాచికాయలు చూసి ఆగిపోయాను.

"ఇవి మా దిక్కు పసిపిల్లలకు అరగదీసి నాకిస్తం," అన్నాను నాకొచ్చిన ఇంగ్లీషులో.

"మేము సిరా కాస్తాం. చేతులు ఖాళీగానే ఉన్నాయిగా, కూర్చో."

కూర్చున్నాను. అప్పటికి నాకు ఏ భాషలోనూ రాయడం రాదు. రోటీల కొట్టులో పనిచేస్తూ ఇంగ్లీషు మాట నేర్చాను, మనవరాలి బొమ్మల పుస్తకాల్లో చదవడం నేర్చాను. రాత మాత్రం నోరా దగ్గరే. ఈక కలం పడుకోబెట్టి పట్టుకోవాలి, మెల్లగా లాగాలి. నా గీతలు పరుగెత్తేవి. ఆమె నా భుజం మీద చెయ్యి వేసి నొక్కేది.

"చలిలో, ఆకలితో కూర్చుని కూడా ఆ సన్యాసులు తొందరపడలేదు. నీకేమొచ్చింది?"

"నాకు అక్క ఉంది," అన్నాను.

అక్క కరీంనగర్‌లో మంచం పట్టింది. గ్రీన్‌కార్డు మీద నెలల తరబడి బయట ఉంటే తిరిగి రావడం చిక్కు. సిటిజన్‌షిప్ వస్తే ఎన్నాళ్ళైనా ఆమె దగ్గర ఉండొచ్చు. కానీ పరీక్షలో ఆఫీసర్ చెప్పిన వాక్యం ఇంగ్లీషులో రాసి చూపాలి. రాసే ధైర్యం వచ్చిందని, ఒక వాక్యం రాసి మా అమ్మాయి సునీతకు చూపించాను.

"అమ్మా, ఇట్ల రాస్తే ఆఫీసర్‌కి ఏమర్థమైతది? ఫెయిల్ చేస్తడు!"

ఆ కాగితం పట్టుకుని నోరా దగ్గరికి పోయాను.

"నీకు మామూలు అక్షరాలు రావా?" అంది.

"ఇవి మామూలువి కావా?"

ఆమె ముఖం పాలిపోయింది. చదువుకున్నదాన్నే, సరదాకు వస్తున్నాననుకుందట. నేనేమో చేతిరాత అంటే ఇదే, పుస్తకాల్లోవి అచ్చుకోసం చేసినవి అనుకున్నాను.

ఆ రోజునుంచి సన్యాసులను పక్కన పెట్టి నాకు బళ్ళో నేర్పే అక్షరాలు దిద్దించింది. నెమ్మదిగా రాస్తే వచ్చేవి. కంగారుపడ్డానో, చెయ్యి మళ్ళీ మఠంలోకే పోయేది. పరీక్ష ముందటి శనివారం ఆమె కలం బల్ల మీద పడేసింది.

"ఆకారం మారకపోతే మానె. మాటకీ మాటకీ మధ్య జాగా వదులు. పూర్వం లాటిన్ అంతా కలిపే రాసేవాళ్ళు. మా సన్యాసులకది సొంత భాష కాదు, అందుకే మాటలు విడదీశారు. నువ్వూ అంతే. ప్రతి మాట దగ్గర ఊపిరి తీసుకో."

పరీక్షలో చెయ్యి మఠానికే పోయింది. జాగాలు మాత్రం వదిలాను. కుర్రాడైన ఆ ఆఫీసర్ కళ్ళు చిట్లించాడు. ఒక్కో మాట కింద వేలు పెట్టి, కూడబలుక్కుంటూ పైకి చదివాడు. చివరి మాట దాకా వచ్చాడు.

"వింతగా ఉంది. కానీ చదవగలుగుతున్నాను," అన్నాడు.

సిటిజన్‌గా ప్రమాణం చేసి, పాస్‌పోర్టు, వీసా చేతికొచ్చిన వారంలోనే విమానం ఎక్కాను. చివరిదాకా అక్క దగ్గరే ఉన్నాను. మంచంలోంచే ఆమె నాకు తెలుగు దిద్దించింది. నా తలకట్లు లావుగా, మేకుల తలల్లా పడేవి.

"గిదేం తలకట్టే? ఎవరు నేర్పిండ్రు నీకు?" అని నవ్వేది.

నోరా సంగతి చెప్పాను. ఆ చలికాలంలోనే నోరా పోయిందని సునీత ఫోన్ చేసింది. అక్కతో నేనున్న సంగతి ఆమెకు చెప్పుకోలేకపోయాను.

ఇప్పుడు ఇద్దరూ లేరు. ఇదంతా ఆ సిరాతో, ఆ తలకట్లతోనే రాశాను. అచ్చులో మీకు కనబడదు.