దేవదూత వీపు

మొన్న వేసవిలో రిటైరైన టీచర్లం పదిమందిమి కలిసి రోమ్ నగరం చూసొచ్చాం. అందరూ గుమ్మటాల ముందూ ఫౌంటెన్ల ముందూ ఫొటోలు దిగుతుంటే, నేను నదిమీది ఒక పాత వంతెన దగ్గర ఆగిపోయాను. దానికి రెండు పక్కలా పాలరాతి దేవదూతలున్నారు. ఆ శైలిని బరోక్ అంటారట. రాతిబట్టలు నిజంగా గాలికి ఎగురుతున్నట్టే ఉన్నాయి. వాళ్లలో ఒక దేవదూతను నేను ఎప్పుడో మా నిర్మల్‌లోనే చూశాను, పొనికి అనే తేలిక కర్రతో చేసింది.

చేసింది మా పెద్దబాపు, నాన్నకు అన్న. మా ఇంట్లో అందరిదీ కొయ్యబొమ్మల పనే. నేను కాలేజీలో ఉండగా బొగ్గుబావుల కాలనీ చర్చి ఫాదర్ ఒక రంగుల కార్డు తెచ్చి, అందులోని దేవదూతను మనిషెత్తున చేసిమ్మన్నాడు. పండుగ ఊరేగింపులో ట్రాక్టరు మీద నిలబెడతారట. పెద్దబాపు కార్డు తిప్పి చూశాడు. వెనక ఉత్త తెల్లకాగితం. "ఫాదర్, గీమె ఎనుక ఎట్లుంటది?" అని అడిగాడు. ఆయనకూ తెలియదు. చూడనిది చెక్కడం పెద్దబాపుకు చేతకాదు. అందుకని తన భార్యను, మా పెద్దవ్వను, ఆషాఢం గాలిలో మిద్దెమీద నిలబెట్టి, వెనక కూర్చుని చూస్తూ చెక్కాడు. పెద్దవ్వది ఆదిలాబాద్ వైపు, గోచిపెట్టి చీర కడుతుంది. ఆయన ఒక్క మడత కూడా వదల్లేదు. చివరికి ముందునుంచి చూస్తే రోమ్ దేవదూత, వెనకనుంచి చూస్తే మా పెద్దవ్వ.

ఊరేగింపుకు మేమూ వెళ్లాం. ఎదురొచ్చిన వాళ్లంతా చేతులు జోడించారు. బండి దాటిపోయాక మాత్రం వెనక పాటలు పాడుతున్న ఆడవాళ్లకు నవ్వాగలేదు. దేవదూతకు గోచి ఏమిటని ఒకామె అననే అంది. పెద్దబాపు తల దించుకున్నాడు. ఆయన మళ్లీ నిలువెత్తు బొమ్మ జోలికి పోలేదు. పోయేదాకా మామిడిపండ్లూ సీతాఫలాలే చేశాడు. ఎందుకని అడిగితే, "పండుకు ఎనుక ముందు ఉండది బిడ్డా" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అందుకే రోమ్‌లో మెట్లు దిగి, నది ఒడ్డుకు పోయి, కిందనుంచి ఆ దేవదూత వీపు చూశాను. బట్టంతా నడుము దగ్గర ఉండచుట్టుకుని, కాళ్లమధ్య మెలిపడి ఉంది. అది ఏ దేశపు కట్టో ఎవరూ చెప్పలేరు. ఆ శిల్పి మాత్రం దేవదూత వీపు ఎక్కడ చూశాడు? ఆయన కోసం ఏ ఇల్లాలు గాలిలో నిలబడిందో! ఈ మాట పెద్దబాపుతో చెప్పే వీలు లేదని గుర్తొచ్చి అక్కడే ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చాక, ఫోన్లో తీసుకొచ్చిన ఆ వీపు ఫొటో పెద్దవ్వకు చూపించాను. కళ్లు చిట్లించి చాలాసేపు చూసింది.

"గోచి మంచిగ వెట్టరాలే పాపం," అంది. "గీమెను ఎన్నొద్దులాయె నిలవెట్టి?"

మూడువందల ఏండ్లు దాటిందన్నాను.

"నన్నైతే నాలుగొద్దులే నిలవెట్టిండు," అంది పెద్దవ్వ, ఫొటో మీద వేలు తీయకుండా. "ఇంకో నాలుగొద్దులు నిలవెట్టినా నిలవడుదును."

రాతికి మూడువందల ఏండ్లు ఇచ్చిన కాలం, పెద్దబాపు చూస్తుండగా నిలబడడానికి మా పెద్దవ్వకు ఆ నాలుగు రోజులే ఇచ్చింది.