పాలలో విషయం

ప్రూఫులమ్మ కంటపడితే అచ్చుతప్పు బతికి బట్టకట్టదని ఆ ప్రెస్సులో పేరు. పంతొమ్మిదేళ్ళుగా కిటికీ పక్క బల్ల ఆవిడదే. ఒత్తు పోయినా, దీర్ఘం జారినా ఎర్ర కలం ఊరుకునేది కాదు. అలాంటి మనిషిని ప్రెస్సు ఓనరు పిలిచి, కొత్తగా అచ్చయిన డిటెక్టివ్ నవల మొదటి భాగం ముందు పడేశాడు.

“చదవండమ్మా. ‘ఆమె గుండు ఝల్లుమంది.’ హీరోయిన్‌కి గుండు ఎవరు కొట్టారు?”

“అయ్యో, చూశానే!”

“చూశారు, నలభై ఒక్క తప్పులు వదిలేశారు. రెండో భాగం ప్రూఫులు ఇవిగో, సోమవారానికి కావాలి. ఇందులో అయిదు తప్పులు దాటాయంటే ఇంక మీరు ఇంట్లో విశ్రాంతి తీసుకోండి.”

విశ్రాంతట! ఆ మాటకి ప్రూఫులమ్మకి ఏడుపొచ్చింది. అసలేం జరిగిందో అంతుపట్టలేదు. అదే నెలలో, అవే కళ్ళతో, అదే కలంతో తన ఆడపడుచు రాసిన నాలుగు వందల పేజీల సాహిత్య విమర్శ దిద్దిందా, అందులో మచ్చుకి ఒక్క తప్పు లేదు. పోనీ చూపు మందగించిందేమోనని కళ్ళ డాక్టరు దగ్గరికి పరిగెత్తింది. కళ్ళు భేషుగ్గా ఉన్నాయన్నాడాయన. మరి చత్వారం బుర్రకొచ్చిందా?

ఆ ఆడపడుచు పక్కవీధిలోనే ఉంటుంది, కాలేజీలో సాహిత్యం చెబుతుంది. ఎప్పుడొచ్చినా వదినగారి దిండు పక్కనున్న నవలలు చూసి మూతి విరుస్తుంది. “హంతకుడెవరో తెలుసుకుని ఏం చేస్తావు వదినా, వెళ్ళి పట్టిస్తావా? చెత్త!” ఆ మాట పడలేక ప్రూఫులమ్మ వాటికి పాత పేపరుతో అట్టలేసుకుంది. సిగ్గుపడుతూనే చదివింది, చదువుతూనే సిగ్గుపడింది. ఇంత బాగున్నది చెత్తెలా అవుతుందో, చెత్తయితే ఇంత బాగెందుకుంటుందో ఆవిడకి ఎన్నేళ్ళయినా తెగలేదు.

రెండో భాగం అరవై పేజీలే. ఎర్ర కలం పట్టుకుని కూర్చుంది. ఆరో పేజీకొచ్చాక చూసుకుంటే ఏముంది, కలం మూత కూడా తీయలేదు! కాగితాలు చంకన పెట్టుకుని తిన్నగా ఆడపడుచు ఇంటికి నడిచింది.

“అమ్మాయ్, నా ఉద్యోగం నీ చేతుల్లో ఉంది. నువ్వయితే ఇలాంటివాటిలో మునిగిపోవు. తప్పులు పట్టడంలో నిన్ను మించినవాళ్ళు మన ఇంటావంటా లేరు.”

ఆడపడుచు ఆ కట్టని రెండు వేళ్ళతో అందుకుంది. “సరేలే, ఆదివారం రా.”

ఆదివారం పొద్దున వెళ్తే తల కూడా దువ్వుకోకుండా తలుపు తీసింది. బల్లమీద కాఫీ చల్లారి మీగడ కట్టింది.

“ఇప్పుడే అయిపోయింది వదినా. పెద్దగా తప్పుల్లేవు. ఇంతకీ మొదటి భాగం నీ దగ్గరుందా?”

ప్రూఫులమ్మ కాగితాలు తిరగేసింది. మొదటి నాలుగు పేజీల నిండా ఎర్రగీతలే. పక్కన “ఈ ఉపమానం అవసరమా?” అని చీవాట్లు కూడా. పదో పేజీలో రెండే గీతలున్నాయి. ఇరవయ్యో పేజీలో ఒకటి. అక్కణ్ణుంచి ఎరుపన్నది లేదు. చివరి పేజీలో ముసలి డాక్టరు ఏడుస్తూ ఒప్పుకుంటున్నాడు: “పాలలో విషయం కలిపింది నేనే!”

“అమ్మాయ్, ఈయన పాలలో ఏం కలిపాడే?”

“విషం! నేను ఆ అల్లుడే అనుకున్నా వదినా, ఈ పెద్దమనిషి మీద నాకు అనుమానమే రాలేదు!”

“ఇటు చూడు.”

చూసింది. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది. “అదేంటి, నాకు విషం అనే కనబడిందే!”

“నాకూ అంతేనే, గుండె అనే కనబడింది. కథలో పడి అక్షరాలు చూడలేదు.”

ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. తర్వాత పక్కపక్కన కూర్చుని, కథ అంటకుండా ఒక్కో పేజీ కింది వరస నుంచి పైకి చదివి దిద్దారు. సాయంత్రానికి యాభై మూడు తప్పులు దొరికాయి. అమ్మయ్య, ఉద్యోగం నిలిచింది!

ప్రూఫులమ్మ కాగితాలు సర్దుకుంటుంటే ఆడపడుచు లేచి, అలమారలోంచి తన పుస్తకం తీసింది. మొహంలో నవ్వు లేదు.

“వదినా, నా పుస్తకంలో ఎన్ని తప్పులు వదిలేశావు?”

ప్రూఫులమ్మ గతుక్కుమంది. ఒక్కటీ వదల్లేదని నెల రోజులుగా అందరికీ తనే గొప్పగా చెప్పుకుంది. ఇప్పుడు ఆ మాటే నోటికి రావడం లేదు. పాపం, ఆరేళ్ళు కూర్చుని రాసింది పిల్ల.

“ఒకటి... ఒకటి పోయినట్టుందమ్మా.”

“నిజంగానా? ఏ పేజీలో?” ఆడపడుచు మొహం వెలిగింది.

ప్రూఫులమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, లేని తప్పు కోసం మొదటి పేజీ నుంచి వెతకడం మొదలుపెట్టింది.