వెలాఫీ బాబాయి గంట పెట్టె

మా వీధిలో అందరికీ ఫోను మోగితే వినపడుతుంది. వెలాఫీ బాబాయికి మాత్రం రుజువు కావాలి. గంట గణగణమంటూ ఇల్లు ఎగరగొడుతున్నా ఆయన కుర్చీలోంచి కదలడు. గోడకి కొట్టిన చెక్కపెట్టె మీద ఎర్రదీపం వెలగాలి. అది వెలిగితేనే ఫోను మోగినట్టు.

"బాబాయ్, మోగుతోంది!" అంటాను.

"ఎవరన్నారు?"

"నా చెవులు."

"చెవులకేం, సవాలక్ష అంటాయి. ఆ పెట్టెలో చిప్పుని చెప్పనీ."

చిప్పు చెప్పేసరికి అవతలివాళ్లు విసుగెత్తి పెట్టేసేవాళ్లు. ఈయన దీపం చూసి, "మోగిందే నోమా! నిజంగానే మోగింది!" అని మురిసిపోయేవాడు.

మా బులవాయో ఊళ్లో రైల్వే షెడ్డులో ముప్ఫయ్యేళ్లు కరెంటు పని చేసి రిటైరయిన మనిషి. అయినా ఫోను తీగ సంగతి ఆయనకి తెలిసినట్టు లేదు. మామూలప్పుడు ఆ తీగ సాధువే. గంట మోగించేటప్పుడు మాత్రం దాంట్లోకి తొంభై వోల్టులు దూకుతాయి. ఈయన తీగ తొడుగుని పళ్లతో ఒలుస్తుండగా సరిగ్గా అప్పుడే వాళ్ల వదినగారు ఫోను చేసింది. ఎగిరి అంతదూరాన పడ్డాడు. "ఆవిడతో ఎప్పుడూ ఇంతే" అన్నాడు, పెదవి పట్టుకుని.

ఆ తొంభై వోల్టులకే నాలుగు చిప్పులు మాడిపోయాయి. ఐదోదానికి ముందు ఒక బుల్లి ముక్క అతికాడు. అందులో ఒకవైపు చిట్టి దీపం, ఇంకోవైపు దాన్ని చూసే కన్ను. ఫోను తీగ ఆ దీపాన్ని వెలిగిస్తుంది, కన్ను చూసి చిప్పుకి చాడీ చెబుతుంది. చిప్పు లెక్కలన్నీ చూసుకుని, తీరుబడిగా ఎర్రదీపం వెలిగిస్తుంది.

ఇంతటితో ఆగితే బాగుండును. ఇలాంటిదే ఇంకో పెట్టె పక్కింటి మాడూబే పెద్దమ్మకి బిగించాడు. ఆవిడ మా అంత్యక్రియల సంఘానికి పంతొమ్మిదేళ్లుగా కార్యదర్శి. ఎవరింట్లో చావు జరిగినా ముందు ఫోను ఆవిడకే. ఆవిడ కదిలితేనే సంఘం టెంటు, మూడుకాళ్ల ఇనప కుండలు, వంటకి ఆడవాళ్లు కదులుతారు. అలాంటి మనిషి ఇంట్లో వంటగదిలో ఒక దీపం, ఆకుకూర మడి దగ్గర ఒకటి, కోళ్లగూటి మీద ఒకటి! ఒక్కొక్కటీ బస్సు వెనక దీపమంత.

"ఈ ముసలాడు తన పిచ్చి నా కోళ్లకి కూడా అంటించాడమ్మా!" అని పెద్దమ్మ వీధి వీధంతా వినేట్టు అరిచేది. మేం పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లం.

నవంబరులో మొదటి ఉరుములవాన పడింది. మెరుపుల గోల ఫోను తీగలోకి దూరి, మూడు దీపాలూ ఒక్కసారి భగ్గుమన్నాయి. పెద్దమ్మ ఫోను ఎత్తింది. గురగుర తప్ప మాట లేదు. మా సంఘంలో చావు కబురు చెప్పేవాళ్లకి ఒక్కోసారి గొంతు పెగలదు, ఊరికే ఏడ్చి పెట్టేస్తారు. మళ్లీ ఫోను చేసి ఎవరు పోయారని అడగడం మర్యాద కాదు. జబ్బుపడ్డవాళ్లలో ఎవరై ఉంటారో కార్యదర్శే ఊహించుకుని కదలాలి. ఆ నెలంతా మంచం పట్టి ఉన్నది న్యాతి తాతయ్య.

గంట తిరక్కుండా టెంటుతో, కుండలతో పదకొండుమంది ఆడవాళ్లం పాటలు పాడుకుంటూ ఆయన గుమ్మంలో దిగాం. తలుపు తీసింది తాతయ్యే.

"అయ్యో, ఎవరు పోయారే?" అన్నాడు కంగారుగా.

మేం కుండలు చప్పుడు కాకుండా కింద దింపాం. తాతయ్య కుండల వంక చూశాడు, మా వంక చూశాడు. విషయం అర్థమైంది.

"సరే, ఎలాగూ వచ్చారుగా. వండండి" అన్నాడు. మొక్కజొన్న ముద్దా మాంసమూ రెండు పళ్లేలు లాగించాడు కూడా.

సంఘం అధ్యక్షుడు సిబిందీ గారికి మాత్రం నవ్వు రాలేదు. "ఆదివారం మీటింగులో తేల్చేద్దాం. ఆ పెట్టె ఊడబీకాలి, లేదా కార్యదర్శిని మార్చాలి. నోమా, నువ్వు బలపరుస్తావా?"

"ఓ, తప్పకుండా!" అన్నాను. అందరికంటే ఎక్కువ నవ్విందాన్ని నేనే మరి.

శనివారం ఒక కుండ తిరిగివ్వడానికి పెద్దమ్మ పెరట్లోకి వెళ్లాను. ఆవిడ అటు తిరిగి ఆకు కోస్తోంది. పిలిచాను. మళ్లీ పిలిచాను. ఇంతలో కిటికీ పక్కనే ఫోను మోగింది. నాకు చెవులు హోరెత్తుతున్నాయి, ఆవిడ తల తిప్పలేదు. మడి దగ్గర దీపం వెలిగింది. అప్పుడు గబుక్కున బుట్ట కింద పడేసి లోపలికి పరుగెత్తింది. నేను కుండ అక్కడే దింపేసి బాబాయి ఇంటికి పోయాను.

"బాబాయ్, నీకు చెవులు బాగానే వినపడతాయా?"

"పక్క వీధిలో గుడ్డు పగలగొట్టినా వినపడుతుంది."

"మరి పెద్దమ్మకి?"

బాబాయి చేతిలో పని కింద పెట్టాడు. "రిసీవరు చెవికి ఆనిస్తే వినపడుతుంది, దాని శబ్దం పెంచానులే. దూరం నుంచి గంటే వినపడదు. మూడేళ్లయింది. రెండు చావు కబుర్లు తప్పితే చాలు, ఆవిడ చేతిలో కలం లాక్కుంటారు. ఆ కలం పోతే ఆ మనిషి బతకదే. దీపం ఆవిడింట్లోనే ఉంటే ఎందుకని అడుగుతారు. నా ఇంట్లోనూ ఉంటే ముసలాడి పిచ్చి అనుకుంటారు."

"వీధంతా నిన్ను చూసి నవ్వుతున్నారు కదా!"

"తెలుసమ్మా. నాకు బాగా వినపడుతుందని చెప్పానుగా."

నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఆయన మాత్రం చిప్పు చూపించి హుషారుగా చెప్పుకుపోతున్నాడు. "నిజం గంటైతే మోగి, ఆగి, మళ్లీ మోగుతుంది. ఉరుముకి ఆ వరస తెలీదు. అదే నేర్పుతున్నా దీనికి."

ఆదివారం సిబిందీ గారు పెట్టె మీద పది నిమిషాలు నిప్పులు కురిపించి, "బలపరిచేవారు?" అని నావైపు చూశారు. లేచాను.

"పెట్టె ఉండాలి. ఉరుముకి వెలిగే తప్పు బాబాయి దిద్దేశాడు. నా ఇంట్లో కూడా ఒకటి పెట్టాలి, అధ్యక్షులవారింట్లో కూడా!"

"నోమా! నీకూ అంటుకుందా?" అన్నారాయన.

"నాకూ ఒకటి పెట్టండి," అన్నాడు న్యాతి తాతయ్య వెనకనించి. "ఈసారి కుండలెత్తే ముందు నాకే ఫోను చేసి కనుక్కుందురుగాని."

హాలంతా గొల్లుమంది. ఆ నవ్వులోనే చేతులన్నీ పైకి లేచాయి. చివరికి సిబిందీ గారిది కూడా.

పెద్దమ్మ కళ్లజోడు సర్దుకుని, పుస్తకం మీద కలం ఆనించి నన్ను పిలిచింది. "ఏమన్నావు? గట్టిగా చెప్పు, మినిట్సులో రాయాలి."

కార్యదర్శి అంటే ఇలా ఉండాలని అందరూ తలలూపారు. నేను ఆవిడ ఎదురుగా వెళ్లి నిలబడి, ఒక్కో మాటా విడమరిచి, మూడుసార్లు చెప్పాను.