పంప్ గన్‌కు బొట్టు

2011లో దసరాకు ముందు వారం. రాయ్‌పూర్ శంకర్ నగర్‌లో మా నాన్న పెట్టిన తుపాకుల దుకాణం అప్పటికి పూర్తిగా నా చేతికి వచ్చింది. లైసెన్సు ఉన్నవాళ్లకు తుపాకులు అమ్మడం, పాతవి బాగుచేయడం మా పని. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్లు సినిమాల్లో చూసినవన్నీ ఊహించుకుంటారు. నిజానికి మా దగ్గరకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది బ్యాంకుల దగ్గరా, ఫ్యాక్టరీ గేట్ల దగ్గరా నిలబడే గన్‌మెన్లు. సొంత లైసెన్సు, సొంత తుపాకీ ఉంటే తప్ప వాళ్లకు ఆ పని దొరకదు.

ఆ వారంలోనే సింహాచలం గారు భార్య పైడితల్లిని వెంటబెట్టుకుని వచ్చారు. ఎప్పుడో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి. టాటీబంధ్‌లో ఒక లారీల గోడౌన్‌కు కాపలా కాసేవారు. అది మూతపడింది. సిల్తారాలో ఒక స్పాంజ్ ఐరన్ కర్మాగారంలో గన్‌మన్ కావాలన్నారు. అయితే అక్కడి సెక్యూరిటీ ఆఫీసరు ఒక మెలిక పెట్టాడు. ఒకే తూటా పట్టే పాత సింగిల్ బ్యారెల్ పనికిరాదట. పంప్ యాక్షన్ తుపాకీ తెచ్చి, దసరా మర్నాడు తన ఎదుట నడిపి చూపించాలట. సింహాచలం గారి వయసుకు ఈ ఉద్యోగం పోతే ఇంకొకటి వచ్చే ఆశ లేదు. అందుకే పాతది మార్చుకోవడానికి అనుమతి రాయించుకుని మరీ వచ్చారు.

పంప్ యాక్షన్ అంటే, బ్యారెల్ కింద ఉన్న చేతిపిడిని వెనక్కి లాగి ముందుకు తోస్తే పేలిన తూటా బయటపడి కొత్తది లోపలికి వెళ్లే పద్ధతి. తూటాలు బ్యారెల్ కిందనే ఉన్న మేగజైన్ ట్యూబ్ అనే గొట్టంలో వరసగా కూర్చుంటాయి. సీదాసాదా యంత్రం. రోజంతా భుజాన మోసే పనికి, సిల్తారా నల్లధూళికి, ఏ నగిషీలూ లేని పొట్టి తుపాకీ చాలునని నా అభిప్రాయం. నా అభిప్రాయం ఎవరిక్కావాలి?

"ఈ నల్లదేటి బాబూ, పెనం నాగున్నాది?" అంది పైడితల్లి. "ఆ అద్దాల బీరువాలో ఉన్నాది సూడు, కర్రమీద పువ్వులు సెక్కినది. అదియ్యి."

"అది డబుల్ బ్యారెల్ పిన్నీ. ఆఫీసర్ అడిగింది పంప్."

"అయితే దీనికే పువ్వులు సెక్కించు."

ఆమెకు నచ్చజెప్పేసరికి సింహాచలం గారు అన్నిటికంటే పొడుగాటిదాన్ని భుజానికి తగిలించుకుని తిరుగుతున్నారు. "పొడుగుంటే దొంగ దూరంనుంచే జడుసుకుంటాడు బాబూ," అన్నారు. ఆయనేమో పొట్టి మనిషి. అటు తిరిగితే ట్యూబ్‌లైట్‌కు తగులుతోంది, ఇటు తిరిగితే భార్య తలకు తగులుతోంది. చివరికి ఆమె కసిరితేనే దాన్ని వదిలారు. పొట్టిదాన్ని ఆయన భుజానికి ఆనించి చూశాను. స్టాక్, అంటే భుజానికి ఆనే వెనకభాగం, ఆయన చేతుల పొడవుకు సరిగ్గా సరిపోయింది.

ఇక పరీక్ష. మందు లేని డమ్మీ తూటాలు నింపి నడపమన్నాను. ఆయన చేతిపిడిని సగం లాగి ఆపేశారు. తూటా అడ్డంగా ఇరుక్కుంది. దీన్ని మేం షార్ట్ స్ట్రోక్ అంటాం. లాగవలసినంత లాగకపోవడం.

"గట్టిగా లాగు బాబాయ్!"

"కొత్త సరుకు గదా. నెమ్మదిగా వాడితే నాలుగు కాలాలపాటుంటాది."

"అరే, అది గాజు గ్లాసు కాదు. దాన్ని లాగడానికే చేశారు!"

అరిచి అరిచి నా గొంతు బొంగురుపోయింది. మధ్యాహ్నం మొత్తం ఆయనకే పోయింది. మర్నాడు అనుమతి ఉన్న షూటింగ్ రేంజ్‌కు తీసుకెళ్లి అసలు తూటాలతో కాల్పించాను. ఒక్కటీ ఇరుక్కోలేదు. ఆఫీసరు ముందు చూపించడానికి డమ్మీలు చేతికిచ్చి, ఇంట్లో పాటించవలసిన జాగ్రత్తలన్నీ చెప్పాను. తూటాలు వేరే పెట్టి తాళం వేయాలి. ఖాళీగా ఉందని చూడగానే తెలిసేలా పిడి వెనక్కి లాగి, తూటా బయటపడే నోరు తెరిచి ఉంచాలి. నా మాటల్లో ఆయన తు.చ. తప్పకుండా పాటించింది ఈ చివరిదే. కొంప ముంచిందీ అదే.

దసరా మర్నాడు మధ్యాహ్నం ఇద్దరూ తిరిగొచ్చారు. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆవిడ మాత్రం గుమ్మంలోంచే అందుకుంది.

"పాడు తుపాకీ అంటగట్టినావు గదా! నీ దుకాణం ఏటైపోనూ!"

దుకాణంలో మరో ఇద్దరు ఖాతాదారులున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. సంగతేమిటంటే, ఆఫీసరు ఎదుట డమ్మీలు నింపుతుంటే మొదటిదే సగం దిగి ఆగిపోయింది. పిడి ముందుకూ రాలేదు, వెనక్కీ పోలేదు. ఆఫీసరు నవ్వి, "చాచా, యే తో లాఠీ హై," అన్నాడట, ఇది వట్టి కర్రేనని. సాయంత్రంలోగా బాగుచేయించుకు రాకపోతే బెంచీమీద కూర్చున్న ఇంకొకాయనకు పని ఇచ్చేస్తానన్నాడట.

"మళ్లీ సగమే లాగావా బాబాయ్?"

"లేదు బాబూ. నువ్వు సెప్పినట్టే లాగినాను. ఒట్టు."

ఒళ్లు మండుతుంటే బల్లమీద గుడ్డ పరిచి, ట్యూబు మూత విప్పి స్ప్రింగు లాగాను. జలజలా రాలాయి పసుపు బియ్యం. వెనకే ఒక బంతిపువ్వు రేక. తూటాలు నింపే సందులో కుంకుమ, నువ్వులనూనె కలిసి ఎర్రటి ముద్దగా గడ్డకట్టాయి.

"ఇవేంటి పిన్నీ?"

"అచ్చింతలు," అంది, ఏమీ తెలియనివాడికి చెప్పినట్టు. "దసరాకి ఆయుధపూజ సెయ్యొద్దేటి?"

"చెయ్యి, ఎవరు వద్దన్నారు? లోపల పోస్తారా ఎవరైనా?"

"నానెందుకు పోస్తాను? పైనే జల్లినాను. పాతదానికి ఏటేటా ఇలాగే సేసినాను. ఏటీ అవనేదు."

అవదు మరి. పాత సింగిల్ బ్యారెల్ నడుం దగ్గర మడత పడుతుంది. లోపల ఏం పడినా దులిపితే రాలిపోతుంది. ఇది పీటమీద నోరు తెరుచుకుని వెల్లకిలా పడుకుంది, నా ఆజ్ఞ ప్రకారమే. నాకు తిక్క రేగింది.

"తుపాకీని పులిహోర గిన్నె చేసిపెట్టావు పిన్నీ! రేపు దొంగ ఎదురొస్తే బాబాయ్ ఏం చేస్తాడు, అక్షింతలు వేసి దీవిస్తాడా? ఇది పేలకపోతే పోయేది ఆయన ప్రాణం!"

ఆవిడ గొంతు ఒక్కసారిగా దిగిపోయింది.

"పేలాలని ఎవులు మొక్కినారు బాబూ? పేల్చే పని పడకూడదనే గదా నాను మొక్కినాను."

నాకు సిగ్గనిపించింది. తలొంచుకుని బ్రష్షు తీసుకుని ట్యూబు తోమడం మొదలుపెట్టాను. ఒక్కో గింజా ఏరి, జిడ్డంతా కడిగి, ఆరబెట్టి, డమ్మీలతో నడిపించి చూశాను. ఆ తర్వాత దుకాణం మూసి వాళ్లను నా కారులోనే సిల్తారా తీసుకెళ్లాను. దారిలో ఏ గుడి దగ్గరైనా దిగి మళ్లీ బొట్టు పెడతారేమోనన్న భయం నాది.

ఆఫీసరు ఎదుట సింహాచలం గారు పిడి ఎంత గట్టిగా లాగారంటే, ఎగిరిన డమ్మీ ఆఫీసరు బూటు పక్కన పడింది. అతను ఒకడుగు వెనక్కి వేశాడు. "బస్ బస్ చాచా. కల్ సే ఆ జావో." రేపటి నుంచి రమ్మన్నాడు. పైడితల్లి గేటు బయటే కూలబడి కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

అప్పటినుంచి తుపాకీ చూపించడానికి ముందే ఇంట్లో ఆయుధపూజ ఎలా చేస్తారని అడుగుతున్నాను. కొందరు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూస్తారు. చూడనీ. తుపాకీ వాడే మనిషిని మాత్రమే పరీక్షిస్తే చాలదని, అది వెళ్లే ఇల్లు కూడా తెలియాలని నాకు అర్థమైంది. వాళ్లిద్దరూ మాత్రం ఏటా దసరా ముందు తుపాకీ పట్టుకుని వచ్చేవారు. నేను పిడి ముందుకు తోసి, నోరు మూసి, సంచిలో పెట్టేవాణ్ణి. ఆవిడ సంచికి బొట్టు పెట్టేది. "రవ్వంత నూని..." అనేది. "చుక్క కూడా వద్దు," అనేవాణ్ణి. ఏటా ఇదే గొడవ.

కొన్నేళ్లకు సింహాచలం గారు మోకాళ్లు అరిగి ఉద్యోగం మానేశారు. తుపాకీ అప్పగించడానికి ఇద్దరూ వచ్చారు. విప్పి చూశాను. లోపల అద్దంలా ఉంది.

"ఇన్నేళ్లల్లో డ్యూటీలో ఒక్కసారైనా పేల్చావా బాబాయ్?"

"నేదు బాబూ. ఆ అవసరమే రానేదు."

పైడితల్లి నావైపు తిరిగింది.

"మరి? నీ తుపాకీ ఏటి పనిసేసినట్టు? పనిసేసినవి నా అచ్చింతలే."