హీటర్ గదిలో గాజు జాడీ

మొన్న శనివారం సాయంత్రం నాలుగూ పదికి మా అల్లుడు ఫ్రిజ్ తెరిచి, తను తెచ్చుకున్న లాగర్ బీరు డబ్బా ఒకటి తీసి మూత లాగాడు. ఆ చప్పుడుకి నేను వంటింట్లో చేస్తున్న పని ఆపి నిలబడ్డాను. తర్వాత ఇంకేమీ వినిపించలేదు. లాగర్ అంతే, ఒక్కసారి బుస్సుమని ఊరుకుంటుంది. మా ఆయన ఇంట్లో చేసిన ఏల్, అదీ ఒక రకం బీరే, అలా ఊరుకునేది కాదు. ఆయన పోయాక వచ్చిన మొదటి వేసవి ఇది, ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉండటం నాకింకా అలవాటు కాలేదు.

మా తరం వాళ్ళలో బీరు తాగినవాళ్ళకు బీరంటే ఒక్కటే, చల్లగా ఉండాలి, సీసా మీద నీటి చుక్కలు పట్టి ఉండాలి. తాగని ఇళ్ళలో పెరిగిన నాలాంటి వాళ్ళకు ఆ పేరు ఎత్తడమే తప్పు. మా ఆయన మాత్రం పెళ్ళికి ముందు ఒక ప్రాజెక్టు మీద ఇంగ్లండ్ ఉత్తరాన ఒక చిన్న ఊళ్ళో ఉండి, అక్కడ నేలమాళిగల్లో పీపాల్లో ఉంచి, చేతి పంపుతో పైకి లాగి పోసే ఏల్‌కి అలవాటు పడ్డారు. అది మరీ చల్లగా ఉండదు, పెద్దగా పొంగదు, పీపాలో పోశాక కూడా లోపల ఈస్ట్ బతికే ఉంటుంది కాబట్టి రోజురోజుకీ రుచి మారుతుంది, పీపా తెరిచాక కొద్ది రోజుల్లో తాగెయ్యకపోతే పాడవుతుంది. న్యూజెర్సీలో పార్సిప్పనీ వచ్చాక ఆయనకది ఎక్కడా దొరకలేదు. ఆఫీస్ వాళ్ళతో బార్‌కి వెళ్తే నాలుక మొద్దుబారేంత చల్లటి లాగర్ ఇచ్చేవారు. అలాగని ఆయన లాగర్‌ని ఎప్పుడూ తీసిపారెయ్యలేదు. ఆగస్టు ఎండలో గడ్డి కోసి వచ్చినవాడికి లాగరే సరైనదనేవారు. చేపల వేపుడుకి, గోంగూరకి కూడా అదే, ఏల్‌లోని చేదు గోంగూర పులుపుతో పడదు. మాంసం కూరకి మాత్రం ఏలే ఉండాలి. నేను మొదటిసారి రుచి చూసినప్పుడు కాలిన రొట్టె అంచు నానబెట్టిన నీళ్ళలా ఉందన్నాను. అది మెచ్చుకోలని ఆయన అనుకున్నారు. తర్వాత తర్వాత ఆయన చేసిన వాటిలో నల్లగా, చేదు తక్కువగా ఉండేది నాకు ఇష్టమైంది, చలికాలం రాత్రి భోజనంతో అర గ్లాసు, అంతకు మించి ఎప్పుడూ లేదు.

దొరక్కపోతే ఇంట్లోనే చేసుకున్నారు. ఇందులో ఒక ఇబ్బంది ఉంది, ఈ కథంతా దాని మీదే నడిచింది. లాగర్ చల్లటి చోట పులుస్తుంది. ఆయన లాగర్ మనిషై ఉంటే ఆ జాడీ మా అపార్ట్‌మెంట్ బాల్కనీ పక్క స్టోరేజ్ గదిలో, ఎవరి కంటా పడకుండా నెలల తరబడి ఉండేది. ఏల్‌కి వెచ్చదనం కావాలి. న్యూజెర్సీ చలికాలంలో మా ఇంట్లో ఎప్పుడూ ఒకేలా వెచ్చగా ఉండే చోటు ఒక్కటే, రెండో పడకగదిలో వాటర్ హీటర్ ఉన్న క్లాజెట్, గోడలోకి ఉండే తలుపున్న చిన్న అర. అయిదు గ్యాలన్ల గాజు జాడీని దుప్పటి చుట్టి అక్కడ పెట్టేవారు. మూతికి నీళ్ళు నింపిన చిన్న గొట్టం ఒకటి ఉండేది, లోపలి గాలి దాన్లోంచి బుడగలుగా బయటికి పోతుంది, బయటి గాలి లోపలికి రాదు. ఒక్కో బుడగకీ బుళుక్కుమని ఒక చప్పుడు.

మాది తెలుగు చర్చి. ఆదివారం మధ్యాహ్నాలు ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్ అద్దెకు తీసుకుని ఆరాధన జరుపుకునేవాళ్ళం. అక్కడ తాగుడు మాటే వినిపించకూడదు. ఆ పట్టుదలను ఎగతాళి చేసేవాళ్ళను నేను ఎరుగుదును కానీ నేనెప్పుడూ చెయ్యలేదు, తాగొచ్చి కొట్టే మొగుళ్ళ నుంచి చర్చి బయట పడేసిన అమ్మమ్మల మనవరాళ్ళం మాలో చాలామందిమి. పైగా ఆ చర్చి తప్ప మాకక్కడ ఎవరూ లేరు. నేను చెప్పబోయే జనవరికి ముందు ఏడాది మాకు పుట్టవలసిన బాబు ఏడో నెలలో పోయినప్పుడు, మా వాళ్ళెవరికీ వీసా దొరక్కపోతే, చర్చి ఆడవాళ్ళు వంతులు వేసుకుని వచ్చి వండిపెట్టి, నా తల దువ్వి, నేను మాట్లాడకపోతే తామూ మాట్లాడకుండా కూర్చుని వెళ్ళారు. ఆ జాడీ సంగతి బయటపడితే ఆ మనుషులంతా మాకు లేకుండా పోతారన్నదే నా భయం. ఆ భయం ఎక్కువేమీ కాదు, మాకు ముందు ఒక కుటుంబం అలా రావడం మానేసింది.

ఆ జనవరిలో మా ప్రాంతం నుంచి ఒక పెద్ద పాస్టరుగారు సువార్త కూటాలకి వచ్చారు. రేపల్లె వైపు ఆయన, అందరూ పెద్దయ్యగారనేవారు. ఒక బ్రదర్ వాళ్ళింట్లో బస ఏర్పాటు చేశారు. ఆ శుక్రవారం మధ్యాహ్నం ఆ ఇంట్లో పిల్లలకి ఫ్లూ అని, పెద్దయ్యగారు మా ఇంట్లో దిగుతారని, సాయంత్రం గృహకూటం కూడా మా ఇంట్లోనేనని ఫోన్ వచ్చింది. ఆయనకు ఇవ్వగలిగింది ఆ రెండో గదే.

ఏల్ వేసి అప్పటికి రెండు రోజులు, పొంగు మీదుంది, మూత బిగిస్తే జాడీ పగులుతుంది. కిందికి దించుదామంటే మెట్ల పక్కన ఉన్న ఇళ్ళన్నీ చర్చి వాళ్ళవే. మా ఆయన దాన్ని ఎత్తి బాత్రూమ్ దాకా తీసుకెళ్ళి, టబ్ అంచు మీద పెట్టి, అలాగే నిలబడ్డారు. బాబు పోయాక ఆ మనిషి ఏ పనీ ముట్టుకోలేదు. ఆఫీస్‌కి వెళ్ళడం, వచ్చి గోడ వైపు తిరిగి పడుకోవడం. ఆ వారమే మొదటిసారి లేచి, జాడీ కడిగి, బార్లీ ఉడకబెట్టారు. పారబొయ్యమని నేను చెప్పాలి. చెప్పలేకపోయాను. ఆయన దాన్ని తిరిగి క్లాజెట్‌లో పెట్టి, ఇంకో దుప్పటి కప్పి తలుపు మూశారు.

ఆ సాయంత్రం ఇరవై మంది దాకా వచ్చారు. పాటలు పాడుతున్నంతసేపూ ఇబ్బంది లేదు, పాట ఆగినప్పుడే నా ప్రాణం పోయేది. పడకగది తలుపు వేసి ఉన్నా బుళుక్, బుళుక్ అని వినిపిస్తూనే ఉంది. నాకు అలా అనిపిస్తోందా, నిజంగా అందరికీ వినిపిస్తోందా అని మొహాలు చూస్తూ కూర్చున్నాను. చప్పుడు కంటే ముందు వాసన బయటపడింది. ఎదురు బిల్డింగ్‌లో ఉండే అక్క, మా బాబు పోయినప్పుడు అందరికంటే ఎక్కువసార్లు వచ్చిన మనిషి, వాక్యం మొదలుకాకముందే ముక్కు పైకెత్తింది.

"ఏంటే, దోసెల పిండి ఇంత బాగా పులిసింది? నాది ఓవెన్‌లో లైటేసి పెట్టినా సున్నంలా పడుంటది. ఎక్కడ పెట్టావు?"

మా ఆయన తలెత్తకుండా, హీటర్ క్లాజెట్‌లో అక్కా, అన్నారు. అది అబద్ధం కాదు, నిజమూ కాదు. అక్కకి ఆ జవాబు ఎంత నచ్చిందంటే, చూసొస్తానని లేచి నిలబడింది. ఆమె చెయ్యి ఆ గది తలుపు పిడి మీద పడటం నేను చూశాను. మా ఆయన కూడా లేచారు, లేచి ఏం చేద్దామనుకున్నారో ఆయనకూ తెలియదు.

"పిండి ఎటూ పోదులేమ్మా, కూర్చో. ప్రార్థన చేసుకుందాం," అన్నారు పెద్దయ్యగారు.

అక్క వచ్చి కూర్చుంది. అందరం మోకాళ్ళూనాం. మామూలుగా ఆయన మెల్లగా ప్రార్థించే మనిషని తర్వాత తెలిసింది, ఆ రోజు మాత్రం కింది అంతస్తు వాళ్ళు పైకి వస్తారేమో అనేంత గట్టిగా, ఎక్కడా ఆగకుండా చాలాసేపు ప్రార్థించారు. ఆమెన్ అనగానే, వాక్యం చెప్పకుండానే, భోజనాలకి లేవమన్నారు. గిన్నెల చప్పుడులో మిగతా చప్పుడు కలిసిపోయింది.

పెద్దయ్యగారు ఆ గదిలోనే పడుకున్నారు. పొద్దున్నే నేను ఉప్మా చేసి బల్ల మీద పెట్టాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని ప్లేటు వంక చూశారు.

"అంత పులిసిన పిండి ఉండంగా ఉప్మా ఏందమ్మా?"

మా ఆయన కుర్చీలోంచి లేచి, అయ్యగారూ, అది, అన్నారు.

"కూర్చో అబ్బాయ్. మా నాయన తాడెక్కి కల్లు దించేవోడు. ఆ కుండల పక్కనే పడుకుని పెరిగా. రాత్రంతా అది మాట్లాడతానే ఉంది, నేను వింటానే ఉన్నా."

తర్వాత ఆయన ఉప్మా తినడం మొదలుపెట్టారు. తన నాయన ఆ కల్లుతోనే పోయారని, అందుకే తను దాన్ని ముట్టనని, ఎవరినీ ముట్టమని చెప్పనని అన్నారు. ఎంత తాగుతావని అడిగారు, మా ఆయన చెప్పారు. దాన్ని పారబొయ్యమని ఆయన అంటారని నేను ఎదురుచూశాను. అనలేదు.

"తాగుతావో మానతావో నువ్వు దేవుడితో తేల్చుకో. నిన్న కూటంలో ఈ పిల్ల మొగం చూశావా? ఒక్క పాట పాడలా, ప్రార్థనకి ఆమెన్ కూడా అనలా. తెచ్చిపెట్టుకుంది నువ్వు, మోసింది ఆమె. ఆ బరువు మటుకు దించు."

ఎలా దించాలో ఆయన చెప్పలేదు. మా ఆయన ఆలోచించుకుని, తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ పెద్దలతో విషయం చెప్పి, మానతానని మాట ఇవ్వలేనన్నారు. వాళ్ళు కఠినంగా మాట్లాడలేదు. కొన్నాళ్ళు ప్రభువు బల్ల దగ్గర రొట్టె, రసం తీసుకోవద్దన్నారు. మొదటి ఆదివారం రొట్టె తీసుకోకుండానే ఆయన పళ్ళెం నా చేతికిచ్చారు. నేనూ తీసుకోకుండా పక్కవాళ్ళకిచ్చాను. ఆ పక్కనున్న ఆమె తర్వాతి వారం ఇంకో వరసలో కూర్చుంది. ఇద్దరు ముగ్గురు ఫోన్లు చెయ్యడం మానేశారు. గృహకూటం మా ఇంట్లో మళ్ళీ పెట్టలేదు. నేను భయపడింది కొంత జరిగింది.

అలా రెండు వారాలు గడిచాక ఒక సాయంత్రం తలుపు చప్పుడైంది. ఎదురు బిల్డింగ్ అక్క, కోటు మీద మంచు దులుపుకోకుండానే, మూత పెట్టిన స్టీలు గిన్నె రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. పలకరింపు లేదు. ఆ హీటర్ దగ్గర కాస్త చోటుందా అని అడిగింది. నేను పక్కకి జరిగాను. ఆమె సరాసరి ఆ గదిలోకి వెళ్ళి, క్లాజెట్ తెరిచి, నడుం మీద చేతులు పెట్టుకుని జాడీని కింది నుంచి పైదాకా చూసింది.

"ఇదేనా? నేనింకా ఎంతో అనుకున్నా. ఇది ఎగిరి నా పిండిలో పడదుగా, తమ్ముడూ?"

పడదక్కా, అన్నారు మా ఆయన. బాబు పోయాక ఆయన నవ్వడం నేను అప్పుడే చూశాను.

తెల్లారేసరికి ఆమె పిండి మూత ఎత్తుకుని పొంగింది. ఆ తర్వాత ఇంకో ఇద్దరు గిన్నెలు తెచ్చారు. వాళ్ళలో ఒకామె జాడీ వైపు చూడకుండా మొహం తిప్పుకునే గిన్నె పెట్టి వెళ్ళేది, అయినా తెచ్చేది. మా ఆయన జాడీకి చుట్టిన దుప్పటి అంచులు వాటికి కూడా కప్పి, థర్మామీటర్ చూసి, ఏది ముందు లేస్తుందో చెప్పేవారు. ఈస్టర్ వచ్చేసరికి పెద్దలు ఆయన్ని రొట్టెకి రమ్మన్నారు. ఆయన వెళ్ళారు. ఏల్ కూడా మానలేదు. తర్వాత మాకు అమ్మాయి పుట్టింది, ఇదే ఊళ్ళో టౌన్‌హౌస్ కొనుక్కున్నాం, హీటర్ బేస్‌మెంట్‌లోకి మారింది, జాడీ, గిన్నెలు కూడా దాంతోపాటే మారాయి.

ఇప్పుడు దోసెల పిండి ఇండియన్ స్టోర్‌లో డబ్బాల్లో వస్తోంది. అక్క అట్లాంటా పక్కన అల్ఫారెట్టాలో కొడుకు దగ్గర ఉంటోంది, అక్కడ చలి తక్కువ, పిండి వంటింటి గట్టు మీదే లేస్తుందని ఫోన్‌లో చెప్పింది. ఇక్కడే పుట్టి పెరిగిన మా అల్లుడు మంచివాడు. మొన్న ఆ డబ్బా తెరిచాక, నేను అలాగే నిలబడి ఉండటం చూసి, "అత్తయ్యా, మీకు కూడా కొంచెం?" అన్నాడు. ఒక చిన్న గ్లాసులో పోయించుకున్నాను. చల్లగా, తేటగా ఉంది, ఆ ఎండకి బాగానే ఉంది. తాగి, గ్లాసు కడిగి, బేస్‌మెంట్‌లోకి దిగి హీటర్ దగ్గర కాసేపు నిలబడ్డాను. జాడీ బోర్లించి ఉంది, పక్కన దుప్పటి మడత పెట్టి ఉంది. అక్కడ వెచ్చదనం ఎప్పటిలాగే ఉంది. మా ఇంట్లో ఇప్పుడు ఏదీ పులియబెట్టడం లేదు.