ఇరవై ఐదులో తొమ్మిది

సీతమ్మధారలో మా ఇంటి ఎదురుగా ఎవరో మేడ కడుతున్నారు. ఈ ఉదయం నేను దీపం వెలిగించబోతుంటే అక్కడి పనివాడు తుప్పు పట్టిన ఇనుప చువ్వల మోపు మీద బకెట్టెడు నీళ్ళు కుమ్మరించాడు. తడిసిన తుప్పు వాసన గుప్పున దేవుడి గదిలోకి వచ్చింది. అగ్గిపుల్ల వేలి దాకా కాలేవరకూ నాకు తెలియలేదు. అది జోగారావు మాష్టారి చొక్కా వాసన. రోజూ దేవుడి ముందు నిలబడి నాకు మేలు చేసినవాళ్ళ పేర్లు తలుచుకోవడం నా అలవాటు. అమ్మానాన్నల తర్వాత పేరు ఆయనదే. మిగతా పేర్లు తలుచుకుంటే మనసు చల్లబడుతుంది. ఆయన పేరు దగ్గర మాత్రం కృతజ్ఞతతో పాటు కోపమూ లేస్తుంది. ఆయన మీద కాదు. ఎవరి మీదో చెప్పకుండా పోవడం నాకిష్టం లేదు.

మాష్టారు అని నేను పిలిచానే గానీ ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పినవారు కాదు. పంతొమ్మిది వందల డెబ్బైలలో, రేవులో ఇనుప రాయిని ఓడల్లోకి ఎక్కించే ఒక కంపెనీలో టైంకీపరు. ఎవరు ఎన్నింటికి సీటు వదిలి లేచారు, ఎన్నింటికి తిరిగి కూర్చున్నారు అన్నది రిజిస్టరులో రాయడం ఆయన ఉద్యోగం. చదివింది ఎస్సెల్సీ. లెక్కల మీద పిచ్చితో పాత పుస్తకాల కొట్లు గాలించేవారు. పాత పట్నంలో మా గోడ అవతలి వాటా వాళ్ళది. నాకు చిన్నప్పటి నుంచీ ఆయాసం. రేవు గాలి వీస్తే ఎర్రటి ధూళి కిటికీ ఊచల మీద, ఆరేసిన బట్టల మీద, నా ఊపిరిలో కూడా పేరుకునేది. మూడో తరగతిలోనే బడి మానిపించారు. నాన్నగారు ఇంట్లో కూర్చోబెట్టి చదువు చెప్పారు, కానీ భిన్నాలు దాటేసరికి ఆయన చేతులెత్తేశారు. అప్పుడు మాష్టారు గోడ మీంచి తల పెట్టి, "ఏటి బాబూ, పిల్లకి లెక్కలయిపోనాయా? నా కాడ ఇంకా బోల్డున్నాయి, పంపించండి" అన్నారు.

ఆయన దగ్గర పలకా బలపం అరుదు. అరుగు మీద సుద్దతో పొడుగ్గా గీత గీసి, చీపురుపుల్ల విరిచి రెండు ముక్కలు నా చేతిలో పెట్టేవారు. "కళ్ళు మూసుకుని గీత మీద ఎక్కడో ఒకకాడ ఎట్టు. ఇప్పుడు రెండోది. సూడు, ఒకదాని మీదకి ఒకటొచ్చీసిందా?" వంద సార్లు వేస్తే ఎన్నిసార్లు ఒకదాని మీదకి ఒకటి వస్తాయో ముందే చెప్పమనేవారు. నేను ప్రతిసారీ తక్కువే చెప్పేదాన్ని. లెక్క పెడితే ఎప్పుడూ ఎక్కువే తేలేది. "నువ్వే కాదమ్మా, అందరూ తక్కువే సెప్తారు. ఎందుకో సెప్పగలవా? సెప్పలేవు. మరైతే లెక్క కట్టే దాకా నోరు కట్టుకో" అని నవ్వేవారు. నాకది ఆటలాగే ఉండేది. ఇద్దరు మనుషుల కూడు ఆ పుల్లల మీద ఆధారపడే రోజొకటి వస్తుందని ఆయనకు మాత్రం తెలుసా?

నాకు పదిహేనేళ్ళప్పుడు వచ్చింది ఆ రోజు. కంపెనీలో రాయిని మోసే పెద్ద బెల్టుకి ఈ చివర లత్తీఫ్ గారు, ఆ చివర సింహాద్రి. లత్తీఫ్ గారిది పాత పట్నమే. సింహాద్రి పల్లెలో పొలం వదిలి వచ్చినవాడు. ఇద్దరికీ మధ్య అర మైలు దూరం. ధూళిలో ఒకరి ముఖం ఒకరికి కనపడదు, రొదలో ఒకరి కేక ఒకరికి వినపడదు. ఎనిమిది గంటల షిఫ్టులో మొదటి గంటా చివరి గంటా కదలకూడదు. మధ్య ఆరు గంటల్లో ఎవరికి వీలున్నప్పుడు వాళ్ళు ఒక గంట విరామం తీసుకోవచ్చు. వేళలు ముందే మాట్లాడుకోవాలన్న నియమం లేదు. ఒకరు లేచినా రెండోవారు బెల్టు నడిపిస్తారు. ఇద్దరూ లేకపోతే మాత్రం అది ఆగుతుంది. ఇరవై ఐదు పనిదినాల్లో తొమ్మిది రోజులు అలా ఆగింది. కొత్తగా వచ్చిన ఆఫీసరు రిజిస్టరు తెప్పించుకుని, ఇద్దరూ కూడబలుక్కుని కావాలనే పని ఆపుతున్నారని నోటీసులిచ్చాడు. ఆయన లెక్క ఇది: ఆరు గంటల్లో ఒక గంట అంటే ఆరో వంతు, కాబట్టి ఇరవై ఐదు రోజుల్లో నాలుగు సార్లు కలిస్తే సహజం, తొమ్మిదంటే కుట్ర.

ఆ సాయంత్రం మాష్టారు మా ఇంటికి వచ్చి నాన్నగారి ఎదుట బల్ల మీద కూలబడ్డారు. "నాను రాసిన రిజిస్టరే బాబూ! ఒక్క నిమిషం కూడా అబద్ధం రాయనేదు. ఆ నిజాన్నే తాడు సేసి ఆళ్ళ మెడకి సుట్టినారు." కాసేపటికి నా వైపు తిరిగారు. "తల్లీ, నీ పుల్లల ఆటే గదా ఇది? గీత ఆరు గంటలు, పుల్ల గంట. ఇన్నాళ్ళూ ఆడించి లెక్కెట్టాం. రేపు పొద్దున్నే కూకుని కట్టీవాల."

మర్నాడు మా పెరట్లో కట్టాం. లత్తీఫ్ గారు లేచే వేళ అడ్డంగా, సింహాద్రి లేచే వేళ నిలువుగా పెట్టమన్నారు మాష్టారు. అప్పుడు ఒక్కో రోజూ ఆ చదరంలో ఒక్కో చోటవుతుంది. నాకు తెలిసిన చదరం చుక్కల ముగ్గే. ముగ్గుపిండితో ఆరు వరసల్లో ఆరేసి చుక్కలు పెట్టి, గర్వంగా ముప్పై ఆరు అన్నాను. మాష్టారు నెత్తి కొట్టుకున్నారు. "సుక్కలు కాదే తల్లీ, సుక్కల మజ్జన ఎడం లెక్కెట్టు! గంట సేపు కూకోవాలంటే ఐదో గంటకల్లా లెగాల గదా? ఆరింటికి లేస్తే ఆడి విరామం ఎవుడింట్లో తీసుకుంటాడు?" నిజమే. ఐదైదుల ఇరవై ఐదు గళ్ళు. లత్తీఫ్ గారు తిరిగి వచ్చాకే సింహాద్రి లేచిన రోజులన్నీ ఒక మూల త్రికోణంలో పడ్డాయి. సింహాద్రి వచ్చాకే లత్తీఫ్ గారు లేచిన రోజులు ఎదుటి మూల త్రికోణంలో పడ్డాయి. రెండు త్రికోణాలనూ ఒకచోట అతికిస్తే నాలుగు నాలుగుల చదరం, పదహారు గళ్ళు. అవి ఇద్దరూ కలవని రోజులు. ఇక మధ్యలో ఏటవాలుగా మిగిలిన పట్టీ ఎంత? ఇరవై ఐదులోంచి పదహారు పోతే తొమ్మిది.

మాష్టారి ముఖం వెలిగింది. ఇరవై ఐదులో తొమ్మిది. ప్రతిసారీ సరిగ్గా తొమ్మిదే రావాలని లేదు, ఒకటి అటూ ఇటూ అవుతుంది. కానీ కూడబలుక్కోని ఇద్దరు మనుషులు, ఎవరి దారిన వాళ్ళు లేచి వెళితే, జరగవలసినది అదే. ఆఫీసరు కుట్ర అన్న సంఖ్య వాళ్ళు నిర్దోషులని చెప్పే సంఖ్య! ఇద్దరూ సరిగ్గా ఒకే గంట కొట్టగానే లేస్తేనే కలవడం అనుకున్నాడాయన. ముందే లేచినవాడు తిరిగి రాకముందే లేచినా కలిసినట్టేనన్నది మరిచిపోయాడు. మాష్టారు అక్కడితో వదల్లేదు. విరామాలు చెరో పొడవూ అయితే ఏమవుతుందో కూడా నా చేతనే కట్టించారు. పెద్ద గీతలోంచి రెండు ముక్కల పొడవూ తీసేసి, మిగిలినదాన్ని దానితోనే గుణించాలి. పెద్ద గీతలోంచి ఒక్కో ముక్కనూ విడివిడిగా తీసేసి, ఆ రెండు శేషాలనూ గుణించాలి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే, తగలకుండా ఉండే అవకాశం వస్తుంది. దాన్ని ఒకటిలోంచి తీసేస్తే తగిలే అవకాశం. తెల్లకాగితం మీద బొమ్మతో సహా ఎత్తి రాశాను. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని నా చేతే రాయించారు.

ఆ మర్నాడు కంపెనీలో జరిగిన విచారణకు నన్ను కూడా తీసుకెళ్ళారు, తోడుగా నాన్నగారు. "లెక్క కట్టిన మనిషి ఎదరుండాల" అని మాష్టారి పట్టుదల. రేవు ధూళికి నాకు పిల్లికూతలు మొదలయ్యాయి. గోడవారగా లత్తీఫ్ గారు, సింహాద్రి నిలబడి ఉన్నారు. వాళ్ళకు కుర్చీలు వేయలేదు. ఆఫీసరు కాగితం అందుకుని మొదట నవ్వాడు. "ఏమయ్యా జోగారావ్, ముగ్గులు పట్టుకొచ్చావేంటి? ఎవరు నేర్పారు నీకీ లెక్కలు?"

"ఎవులూ నేర్పనేదండి. తప్పుంటే తమరు సూపించండి."

ఆయన పెన్సిలు తీసుకుని మొదటి పంక్తి నుంచి దిగుతూ వచ్చాడు. త్రికోణాల దగ్గర పెన్సిలు ఆగింది. మళ్ళీ పైకి వెళ్ళింది. మళ్ళీ దిగింది. నేను ఆ ముఖం చూశాను. అర్థమైన ముఖం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆ ముందు రోజే మా పెరట్లో చూశాను. ఆయన నవ్వు పోయింది. కాగితం మడిచి మాష్టారి వైపు తోశాడు.

"ఇప్పుడేం లాభం? ఆర్డరు టైపయిపోయింది."

అంతే. తప్పని ఒక్క మాట అనలేదు. టైపయిందట! ఒక కాగితం చింపి ఇంకో కాగితం ఎక్కించడానికి ఎంతసేపు పడుతుంది? ఆ కాస్త బద్ధకానికి, ఆ కాస్త పరువుకి ఇద్దరి ఉద్యోగాలు పోయాయి. ఇంతకాలమైనా ఆ మాట గుర్తొస్తే ఒళ్ళు మండుతుంది. నేనెవరినీ శపించను, అది నా పెంపకం కాదు. కానీ క్షమించానని అబద్ధం కూడా చెప్పను.

తిరిగి వస్తూ, ఓదార్చాలని, "అంతా కొండ మీది అప్పన్న స్వామి చిత్తం మాష్టారూ" అన్నాను. ఆయన నడిరోడ్డు మీద ఆగిపోయారు. అంత కోపం ఆయనలో ఎన్నడూ చూడలేదు. "సోమికేటి పనమ్మా దీంతోటి? సోమేటి టైపు కొట్టినాడా? మనిసి సేసిన పని మనిసి మీదే ఉంచు. కొండ మీదకి మొయ్యకు." నాన్నగారు నొచ్చుకున్నారు. నాకు మాత్రం ఆ రోజు నుంచి దేవుడు మరింత దగ్గరయ్యాడు. ఎవరెవరి తప్పులో మోయవలసిన పని ఆయనకు తప్పించాను కదా.

తర్వాత నాకు పెళ్ళయింది. ఎనభైలలో ఉక్కునగరం క్వార్టర్సులో కాపురం పెట్టాం. మాష్టారు ఆ కాగితానికి నకళ్ళు రాసి, పై ఆఫీసులన్నింటికీ పంపుతూనే ఉన్నారు. ఒక్క జవాబూ రాలేదు. చివరికి ఆయన ఆసుపత్రిలో ఉన్నారని తెలిసి చూడటానికి వెళ్ళాను. మనిషి ఎండిపోయారు. నా చేయి పట్టుకుని, "నాను పెద్ద తప్పు సేసీసినాను తల్లీ. ఆపీసులన్నిటికీ పంపినాను గానీ ఆ ఇద్దరికీ ఇయ్యనేదు. ఆళ్ళకి లెక్కలేటి తెలుస్తాయిలే అనుకున్నాను. నాను కూడా ఆ ఆపీసరు లాగే ఆలోసించాను సూడు" అన్నారు. వారం తిరక్కుండా వెళ్ళిపోయారు.

సింహాద్రి ఊరు ఎవరూ చెప్పలేకపోయారు. లత్తీఫ్ గారు పాత పట్నంలోనే రేకు డబ్బాలు అతుకుతున్నారని తెలిసి, కర్మకాండ అయ్యాక బస్సెక్కి వెళ్ళాను. గడ్డం నెరిసింది. నన్ను గుర్తుపట్టి స్టూలు తుడిచి వేశారు. మాష్టారి సంగతి విని చేతిలో సుత్తి కింద పెట్టి, కళ్ళు మూసుకుని పెదవులు కదిపారు. మాష్టారి లెక్క కాగితం నకలొకటి ఇచ్చి, అందులో ఏముందో చెప్పాను.

"మేం కూడబలుక్కోలేదని ఈ కాయితం సెప్తందా?" అన్నారు. "మాకు ముందే తెల్సు గదమ్మా ఆ మాట." నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆయనే నవ్వి, లోపలికి కేకేశారు. "అరే బేగం, ఇట్రా! ఎనిమిదేళ్ళుగా నాను సెప్తే నమ్మనేదు గదా, ఈ అమ్మ సెప్తాది ఇను."

ఆవిడ పైట తల మీదకు లాక్కుంటూ వచ్చి గుమ్మంలో కూర్చుంది. "ఏటి నమ్మాలమ్మా? పేకాటకే ఇద్దరూ కలిసి లేచేవోరని ఈదంతా అన్నారు. తొమ్మిది సార్లంటే నానేటనుకోవాల?"

రేకు ముక్క మీద మేకుతో గళ్ళు గీసి మొదటి నుంచి చెప్పాను. ఆవిడ మధ్యలో రెండుసార్లు ఆపింది. ఒకసారి త్రికోణం దగ్గర మళ్ళీ చెప్పమంది. చివరికి పట్టీలో గళ్ళు తనే వేలితో లెక్కపెట్టుకుని, సగానికి తెగిన గళ్ళను జత చేసుకుని, తొమ్మిది అంది. భర్త ముఖంలోకి చూడలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లత్తీఫ్ గారు ఊరికే ఒక డబ్బా మూత తీస్తూ, మళ్ళీ పెడుతూ ఉన్నారు.

"ఇంత సిన్న లెక్క," అందావిడ ఆఖరికి. "నాకే అర్థమయింది. అంత సదువుకున్న ఆపీసరుకి రానేదా అమ్మా?"

రాలేదని చెబితే ఆవిడకు ఆ పూటకు కాస్త ఊరటగా ఉండేదేమో. నా నాలుక చివర ఆ మాట ఉంది. మాష్టారు పక్కనే నిలబడి వింటున్నట్టు అనిపించింది.

"వచ్చిందమ్మా," అన్నాను. "నా కళ్ళ ముందే వచ్చింది."